‘ఫిల్టరే కదా సార్’: నాలుగేళ్ల ముందు నేను అడగని ప్రశ్న

ఈ కేసు రాయాలని ఏడాదిగా అనుకుంటున్నాను. ఆ పేషెంటు అనుమతి తీసుకున్నాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను, ఒకటి రెండు చోట్ల తేదీలు అటూ ఇటూ జరిపాను. మిగతాదంతా నా ఫైల్లో ఉన్నదే. ఊపిరితిత్తుల డాక్టరుగా రోజూ పొగ తాగేవాళ్లనే చూస్తుంటాను కాబట్టి వాళ్ల గురించి నాకు అంతా తెలుసనుకున్నాను. ఈ మనిషి దగ్గర అది తప్పని తెలిసింది.

వయసు 54. ప్రకాశం జిల్లాలో వర్జీనియా పొగాకు పండే ఊరు. సొంత లారీ ఉంది, సీజన్లో రైతుల దగ్గర నుంచి బేళ్లు ఎత్తుకుని వేలం కేంద్రానికి చేరుస్తాడు, మిగతా నెలల్లో ఏ లోడు దొరికితే అది. తండ్రి చుట్ట తాగేవాడట. ఈయన పద్దెనిమిదో ఏట బీడీతో మొదలుపెట్టి, ముప్పై దగ్గర ఫిల్టర్ సిగరెట్‌కి మారాడు. నలభై ఐదు దాటాక ఒకసారి దగ్గు తగ్గక ఇబ్బంది పడ్డప్పుడు తోటి డ్రైవర్ ఎవరో చెబితే ‘లైట్స్’ అని పిలిచే రకానికి మారాడు. ప్యాకెట్ మీద ఇప్పుడు ఆ మాట ఉండదు. పేరు పోయినా పిలుపు మాత్రం పోలేదు, కొట్టుకి వెళ్లి లైట్స్ అని అడిగితే అందరికీ అర్థమవుతుంది.

నా దగ్గరికి మొదటిసారి వచ్చింది జబ్బు బయటపడడానికి నాలుగేళ్ల ముందు. చలికాలం దగ్గు, మెట్లు ఎక్కితే కొంచెం ఆయాసం. ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. స్పైరోమెట్రీలో, అంటే గట్టిగా ఊదించి చూసే పరీక్షలో, గాలి గొట్టాలు కొద్దిగా బిగుసుకున్నట్టు కనిపించింది. బీడీయా సిగరెట్టా అని అడిగాను. "బీడీ ఎప్పుడో మానేశాను సార్. ఫిల్టరే. అదీ లైట్సే" అన్నాడు. రోజుకి ఎన్ని అంటే పదిహేను అన్నాడు. ఇన్‌హేలర్ రాసి, "మానెయ్యాలండీ, కనీసం తగ్గించండి" అని చెప్పి పంపాను. ఆ మాట చెప్పడానికి అర నిమిషం పట్టి ఉంటుంది. ఆ రోజు ఓపీ నోట్స్ ఇప్పుడు తీసి చూస్తే ‘ఫిల్టర్ సిగరెట్, రోజుకి 15’ అని నా చేతిరాతే ఉంది. ‘ఫిల్టర్’ అనే మాట నేనెందుకు రాసుకున్నాను? బీడీ కాదులే అన్న ఊరట నాకూ ఎక్కడో ఉంది. ఆ ఊరటే నేను చేసిన తప్పు.

రెండోసారి వచ్చేసరికి ఆరు కిలోలు తగ్గాడు. మూడు నెలలుగా దగ్గు, కళ్లెలో రెండు మూడుసార్లు రక్తపు జీర. అప్పటికే వేరే చోట ఎక్స్‌రేలో కుడి పక్క పైన మచ్చ ఉందని, కళ్లె పరీక్షలో ఏమీ రాకపోయినా, టీబీ మందులు మొదలుపెట్టారు. రెండు నెలలు వాడాడు. నేను వాళ్లని తప్పుపట్టడం లేదు, మన దగ్గర ఊపిరితిత్తి పై భాగంలో మచ్చ కనబడితే ముందు టీబీ గుర్తుకు రావడం సహజమే. కానీ యాభై దాటి, ముప్పై ఏళ్లకు పైగా పొగ తాగిన మనిషికి కళ్లెలో క్రిములు దొరక్కుండా టీబీ మందులు ఇస్తున్నామంటే పక్కనే సీటీ కూడా తీయించి ఉండాలి. ఆ రెండు నెలలూ ఆయనకి చాలా విలువైనవి.

చేతివేళ్లు చూశాను. గోళ్ల మొదళ్లు ఉబ్బి, చివర్లు గుండ్రంగా తిరిగి ఉన్నాయి. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు పసుపు పట్టినట్టు ఉన్నాయి. సీటీలో కుడి ఊపిరితిత్తి పై భాగంలో, దాదాపు ఊపిరితిత్తి మీద ఉండే పొరకి ఆనుకుని, 26 మిల్లీమీటర్ల గడ్డ. అంచులు నున్నగా లేవు, ముళ్లు పొడుచుకొచ్చినట్టు ఉన్నాయి. చుట్టూ ఎంఫిసీమా, అంటే గాలి తిత్తులు చిట్లిపోయి నల్లటి ఖాళీలు. కెమెరా గొట్టం లోపలికి పంపి చూసే బ్రాంకోస్కోపీలో పెద్ద గాలి గొట్టాలన్నీ శుభ్రం. లోపల నీళ్లు పంపి తీసిన నమూనాలో టీబీ క్రిముల్ని పట్టే సీబీనాట్ పరీక్ష నెగటివ్. సీటీ చూస్తూ సూది వేసి ముక్క తీయిస్తే అడినోకార్సినోమా అని, అంటే ఊపిరితిత్తి క్యాన్సర్లో ఒక రకం అని, రిపోర్టు వచ్చింది. ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే అనే జన్యువుల్లో మార్పులు రెండూ లేవు.

రిపోర్టు చెప్పిన రోజు ఆయన ఏడవలేదు. కాసేపు ఊరుకుని, "ఫిల్టరే కదా సార్ నేను తాగింది" అన్నాడు. అబద్ధం చెప్పి పట్టుబడ్డవాడిలా కాదు, మోసపోయినవాడిలా అన్నాడు.

ఆ మాటకి నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. అందుకని వాళ్లావిడని ఒక పని అడిగాను, రేపు వచ్చేటప్పుడు ఇంటి దగ్గర ఆయన పారేసిన సిగరెట్ పీకలు ఓ ఎనిమిది పది తీసుకురమ్మని. ఆమె వింతగా చూసింది, కానీ తెచ్చింది. వరండాలో పూలకుండీలోంచి ఏరి న్యూస్‌పేపర్ ముక్కలో మడిచి తెచ్చింది. తొమ్మిది ఉన్నాయి.

ఇక్కడ కొంచెం ఆగి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ కేసంతా ఆ పీకల్లోనే ఉంది.

ఫిల్టర్ అంటే దూది కాదు. సెల్యులోజ్ అసిటేట్ అనే ఒక రకం ప్లాస్టిక్ పోగులు, ఒక్కో ఫిల్టర్లో వేల సంఖ్యలో, కట్టగా కట్టి చుట్టూ కాగితం చుడతారు. అది పొగలోని కణాల్లో కొన్నింటిని ఆపుతుంది, అది నిజమే. కానీ పొగ కణాల్లో ఎక్కువ భాగం మైక్రాన్ కంటే చిన్నవి, వాటిలో చాలా వరకు దాటిపోతాయి. పొగలో వాయువులుగా వచ్చేవాటిని, అంటే కార్బన్ మోనాక్సైడ్ లాంటివాటిని, ఆ పోగులు దాదాపు ఏమీ చెయ్యలేవు. హైడ్రోజన్ సయనైడ్, బెంజీన్, ఫార్మాల్డిహైడ్, ఆక్రోలిన్, ఇవన్నీ ప్రతి దమ్ములోనూ ఎంతో కొంత ఊపిరితిత్తికి చేరుతూనే ఉంటాయి. సిగరెట్ పొగలో 7,000కి పైగా రసాయనాలున్నాయి, అందులో దాదాపు 70 క్యాన్సర్ తెచ్చేవి. జల్లెడలో నీళ్లు పోసి మట్టి ఆగింది కదా అనుకున్నట్టే ఇది.

తేలికపాటివి అనే రకాల్లో ఇంకొకటి కలిపారు. ఫిల్టర్ చుట్టూ ఉండే కాగితానికి గుండుసూది మొనకంటే సన్నని రంధ్రాలు, ఒకటి రెండు వరసలు. దమ్ము లాగినప్పుడు ఆ రంధ్రాల్లోంచి బయటి గాలి వచ్చి పొగని పలచన చేస్తుంది. తారు ఎంత, నికోటిన్ ఎంత అని దశాబ్దాల పాటు కొలిచింది యంత్రాలే. ఆ యంత్రం నిమిషానికి ఒకసారి, రెండు సెకన్ల పాటు, 35 మిల్లీలీటర్ల పొగ లాగుతుంది. దానికి వేళ్లు లేవు, పెదాలు లేవు, నికోటిన్ అలవాటూ లేదు. రంధ్రాలు తెరిచే ఉంటాయి కాబట్టి తారు తక్కువ చూపిస్తుంది. మనిషి అలా తాగడు. మెదడు తనకి అలవాటైన నికోటిన్ అందేదాకా అడుగుతూనే ఉంటుంది, అందకపోతే దమ్ము పెద్దదవుతుంది, లోతుకి పోతుంది, విరామం తగ్గుతుంది, లేదంటే ఇంకో సిగరెట్ వెలుగుతుంది.

ఆయన జేబులో ఇంకా ప్యాకెట్ ఉంది. ఒకటి తీసి ట్యూబ్‌లైట్‌కి అడ్డం పెట్టి చూపించాను. నోటి వైపు చివర నుంచి సెంటీమీటరు పైచిలుకు దూరంలో చుక్కల వరస మెరిసింది. పాతికేళ్లుగా ఫిల్టర్ సిగరెట్ తాగుతున్న మనిషి, ఆ చుక్కలు అప్పుడే మొదటిసారి చూశాడు. "ఇప్పుడు మీరు లారీలో ఎలా పట్టుకుంటారో చూపించండి, వెలిగించకుండా" అన్నాను. కిటికీ గాలికి ఆరిపోకుండా గుప్పిట్లో దాచి, రెండు వేళ్ల మొదట్లో ఇరికించి, పిడికిలి నోటికి ఆనించి లాగాడు. రంధ్రాల వరస మొత్తం ఆయన వేళ్ల సందులో ఉంది. ఒక్కటి కూడా తెరిచి లేదు.

ఇప్పుడు పీకలు. రంధ్రాలు తెరిచి ఉండగా తాగితే బయటి గాలి ఫిల్టర్ అంచుల వెంట వస్తుంది, అందుకని చివర చూస్తే మధ్యలో గోధుమరంగు మచ్చ, చుట్టూ తెల్లటి వలయం మిగులుతుంది. మూసి తాగితే ఆ అంచు నుంచి ఈ అంచుదాకా ఒకే రంగు. ఈ గుర్తుని 1980 ప్రాంతంలోనే లిన్ కోజ్లోవ్‌స్కీ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు రాశారు, నేను చదువుకున్నాను కూడా, కానీ ఇన్నేళ్ల ప్రాక్టీసులో ఏ పేషెంట్ పీకనీ తిప్పి చూడలేదు. తొమ్మిదీ టేబుల్ మీద నిలబెట్టాం. ఏడింటికి అంచుదాకా ముదురు రంగు. రెండింటికి మాత్రం సన్నగా తెల్లటి వలయం. అవి తీరిగ్గా వరండాలో కుర్చీలో కూర్చుని తాగినవి అయ్యుంటాయని వాళ్లావిడే అంది.

ఊదించి కార్బన్ మోనాక్సైడ్ చూశాను. 27 పీపీఎం, అంటే ఊపిరిలో పది లక్షల భాగాలకి 27. పొగ తాగనివాళ్లకి మామూలుగా 6 లోపే ఉంటుంది. ఈ వాయువు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా హీమోగ్లోబిన్‌ని పట్టుకుంటుంది. లైట్స్ తాగేవాడికి లైట్‌గా ఉండాల్సిన అంకె కాదు అది. తర్వాత కూర్చోబెట్టి మళ్లీ లెక్క అడిగాను, ఈసారి వాళ్లావిడ కూడా పక్కనుంది. పదిహేను కాదు, ఇరవై రెండు. లైట్స్‌కి మారకముందు పన్నెండు. "దాంట్లో మజా ఉండదు సార్, అందుకని వెంటనే ఇంకోటి ముట్టిస్తా" అన్నాడు. నిద్ర లేచాక మొదటిది ఎంతసేపటికి అంటే, మంచం దిగకముందే. నాలుగేళ్ల ముందు ఈ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఆయనది ఎంత గట్టి నికోటిన్ వ్యసనమో అప్పుడే తెలిసేది, అర నిమిషం సలహాతో పంపేవాణ్ని కాదు.

గడ్డ ఊపిరితిత్తి అంచున ఎందుకుంది అన్నది నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. నేను చదివింది విశాఖపట్నంలో. అక్కడ ఓపీలో శ్రీకాకుళం వైపు నుంచి, విశాఖ చుట్టుపక్కల పల్లెల నుంచి పెద్దవయసు ఆడవాళ్లు వచ్చేవారు, అడ్డపొగ తాగేవాళ్లు. చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని తాగడం. వాళ్ల అంగిలి తెల్లగా మందమై, మధ్యలో ఎర్రటి చుక్కలు, కొందరికి క్యాన్సర్ పుండు. మిగతా చోట్ల అరుదైన అంగిలి క్యాన్సర్ అక్కడ అంత కనిపించేది. పొగాకు ఒకటే, పొగ ఎలా లోపలికి పోతుందో దాన్ని బట్టి దెబ్బ ఎక్కడ తగలాలో మారుతుంది. సిగరెట్ విషయంలోనూ దాదాపు అదే జరిగింది. వెనకటి రోజుల్లో పొగ తాగేవాళ్లలో ఎక్కువగా పెద్ద గొట్టాల్లో పుట్టే స్క్వేమస్ రకం క్యాన్సర్ కనిపించేది. 1960ల తర్వాత అమెరికాలో పొగ తాగేవాళ్లలో అంచుల్లో పుట్టే అడినో రకం ప్రమాదం పెరుగుతూ వచ్చింది. సిగరెట్ తయారీలో, దానిలోని పదార్థాల్లో వచ్చిన మార్పులే దీనికి కారణమని 2014లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్యాధికారి అయిన సర్జన్ జనరల్ నివేదిక తేల్చింది. అందులో ఏ మార్పు ఎంత అన్నది తేలలేదు గానీ, రంధ్రాల ఫిల్టర్ల మీద, పొగాకులో ఉండే నైట్రోసమైన్లు అనే క్యాన్సర్ తెచ్చే రసాయనాల మీద అనుమానం ఉందని కూడా రాసింది. పలచన పొగ గొంతులో గుచ్చుకోదు కాబట్టి మనిషి లోతుగా లాగుతాడు, లోతుగా లాగింది చివరి తిత్తులదాకా చేరుతుంది.

ఈ ఒక్క మనిషి గడ్డకి ఫిల్టర్ రంధ్రాలే కారణమని నేను రాయను, రాయకూడదు కూడా. ఎప్పుడూ పొగ తాగనివాళ్లకీ అడినోకార్సినోమా వస్తుంది, ఈయన పన్నెండేళ్లు బీడీ కూడా తాగాడు. అయితే ఫిల్టర్ ఆయన్ని కాపాడలేదన్నది మాత్రం ఖాయం. అది కాపాడుతుందన్న నమ్మకం వల్లే మానే రోజు పదేళ్లు వెనక్కి జరిగిందన్నదీ అంతే ఖాయం.

ఆ నమ్మకం దానంతటది పుట్టలేదు. 1950లో ఇంగ్లండులో డోల్, హిల్, అమెరికాలో విండర్, గ్రాహమ్ అనే పరిశోధకులు పొగకీ ఊపిరితిత్తి క్యాన్సర్‌కీ సంబంధం చూపించాక, భయపడ్డ జనం మానెయ్యకుండా ఉండడానికి కంపెనీలకి దొరికిన దారి ఫిల్టర్. 1952లో లోరిలార్డ్ కంపెనీ ఆరోగ్యానికి రక్షణ అని ప్రచారం చేస్తూ తెచ్చిన కెంట్ సిగరెట్ ఫిల్టర్లో క్రోసిడొలైట్ ఆస్బెస్టాస్ అనే క్యాన్సర్ తెచ్చే రాతినార ఉంది, 1956 వరకూ. దాన్ని మించిన విషం ఫిల్టర్లో పెట్టడం కష్టం. 1953లో ఆర్.జె. రేనాల్డ్స్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త క్లాడ్ టీగ్ ఇంకో ఆలోచన రాసిపెట్టాడు: పొగ తగిలితే రంగు మారే పదార్థం ఫిల్టర్లో పెడితే, వడపోతలో తేడా ఏమీ రాకపోయినా, అమ్మకానికి మాత్రం పనికొస్తుందని. తాగినవాడు గోధుమరంగు చూసి ‘చెత్తంతా దీనిలో ఆగిపోయింది’ అనుకుంటాడు. నా పేషెంటు నాతో అన్నది కూడా అదే. "పీక ఎంత నల్లబడిందో చూసి, ఇదంతా లోపలికి పోలేదులే అనుకునేవాణ్ని సార్." డెబ్భై ఏళ్ల కింద ఒక లాబొరేటరీలో రాసిన మాట ప్రకాశం జిల్లాలో లారీ క్యాబిన్‌దాకా వచ్చింది. లైట్ సిగరెట్ల గురించి కంపెనీలు తెలిసే జనాన్ని తప్పుదారి పట్టించాయని 2006లో అమెరికా ఫెడరల్ జడ్జి గ్లాడిస్ కెస్లర్ తీర్పు ఇచ్చారు. ఆ ఏడాదికి మా మనిషి ఫిల్టర్ సిగరెట్‌కి పూర్తిగా అలవాటుపడి ఉన్నాడు.

చికిత్స సంగతి. పెట్ స్కాన్‌లో దూరంగా ఎక్కడా పాకలేదు. ఆపరేషన్ తట్టుకుంటాడా అన్నదే టెన్షన్, ఎఫ్ఈవీ1, అంటే గట్టిగా ఊదితే మొదటి సెకనులో బయటికొచ్చే గాలి, ఉండాల్సిన దాంట్లో 68 శాతమే ఉంది. ఆపరేషన్ హైదరాబాద్‌లో. ముందు మూడు వారాలు దొరికాయి, ఆ మూడు వారాల్లో పొగ పూర్తిగా ఆపించాలి. పొగ మానడానికి వాడే వరెనిక్లిన్ మాత్ర మొదలుపెట్టాను, దానితో పాటు మరీ ఆగలేనప్పుడు 4 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్. గమ్ ఎలా వాడాలో చెప్పకపోతే జనం బబుల్‌గమ్‌లా గబగబా నమిలేస్తారు, కడుపులో మంట వచ్చి పారేస్తారు. నాలుగైదు సార్లు నమిలి, నాలుక చురుక్కుమనగానే చెంప పక్కన పెట్టుకోవాలి, చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. ఆయన చేత నా ముందే చేయించాను. వికారం వచ్చింది, మాత్ర అన్నం తిన్నాక వేసుకోమంటే సర్దుకుంది. ఏవేవో కలలు వస్తున్నాయన్నాడు, ఆ మందుతో అది మామూలే. ఎనిమిదో రోజు కార్బన్ మోనాక్సైడ్ రీడింగ్ 4. ఆ అంకె చూసి ఆయన ముఖంలో వచ్చిన వెలుగు, క్యాన్సర్ మాట విన్న తర్వాత మొదటిసారి చూశాను.

కుడి పై భాగం తీసేశారు. కోసిన అంచులు శుభ్రంగా వచ్చాయి, కానీ లోపలి ఒక లింఫు గ్రంథిలో జబ్బు ఉంది, అంటే రెండో స్టేజ్. సిస్‌ప్లాటిన్, పెమెట్రెక్సెడ్ అనే కీమో మందులు నాలుగు సైకిళ్లు ఇచ్చారు. నీరసం, వాంతులు, చెవిలో గుయ్యిమనే శబ్దం, అన్నీ పడ్డాడు.

వేలం సీజన్ మొదలైన వారంలో ఒకసారి జారాడు. బేళ్లు దించే చోట పాత స్నేహితులు, టీ, అలవాటు చెయ్యి. రెండు తాగాడు. దాచకుండా తనే ఫోన్ చేసి చెప్పాడు. నేను కోప్పడలేదు. గమ్ డబ్బా లారీ డ్యాష్‌బోర్డు మీద ఉందా ఇంట్లో ఉందా అని అడిగాను. ఇంట్లో ఉంది. రెండు డబ్బాలు కొనమన్నాను.

ఇంకో సంగతి. కూతురు నాలుగేళ్ల పిల్లాణ్ని తీసుకుని పుట్టింటికి వచ్చిన ప్రతిసారీ వాడికి పిల్లికూతలు, నెబ్యులైజర్. ఫిల్టర్ తాగేవాడి నోటి దగ్గర మాత్రమే ఉంటుంది. కాలుతున్న కొస నుంచి లేచే పొగ ఏ ఫిల్టర్ గుండానూ పోదు, నేరుగా గదిలోకే వస్తుంది. ఈ మాట చెప్పినప్పుడు ఆయన తల దించుకున్నాడు, క్యాన్సర్ అని చెప్పినప్పుడు కూడా అలా దించుకోలేదు.

ఇప్పుడు నా ఓపీలో సిగరెట్టా బీడీయా అన్న ప్రశ్నతో ఆగడం లేదు. పొద్దున లేచాక మొదటిది ఎప్పుడు, రకం మార్చాక సంఖ్య పెరిగిందా, ఎలా పట్టుకుంటారు చూపించండి అని అడుగుతున్నాను, ఊదించే మీటరు టేబుల్ మీదే ఉంటుంది. పేషెంటుకి రెండు నిమిషాలు ఎక్కువ పడుతోంది. బయట క్యూ చూస్తే కష్టమే, అయినా అడుగుతున్నాను. ఊరు దూరమై మళ్లీ మళ్లీ రాలేనివాళ్లకి ప్యాకెట్ మీదే ముద్రించి ఉండే పొగాకు మానడానికి సాయం చేసే 1800-11-2356 నంబరు చూపించి, నా ముందే ఫోన్ చేయిస్తున్నాను.

ఆపరేషన్ అయి పద్నాలుగు నెలలు. మొన్నటి సీటీలో కొత్తగా ఏమీ లేదు. ఎఫ్ఈవీ1 54 శాతం, బేళ్లు తను ఎత్తడు, కూలీలని పెట్టుకున్నాడు. రీడింగ్ 2. భోజనం తర్వాత రోజుకి రెండు గమ్‌లు ఇంకా వాడుతున్నాడు, వాటిని ఆపమని నేను అడగలేదు. తర్వాతి సీటీ ఆరు నెలలకి.